అన్నం ముద్దకు అంటిన గులాబీ రంగు

హనుమకొండ

బిడ్డా,

నీ కవరు అంది పది రోజులు దాటింది. ఆరు పేజీల వ్యాసం, మూడు బొమ్మల ఫోటోలు, ఎనిమిది ప్రశ్నలు. ప్రశ్నలన్నింటికీ నా దగ్గర జవాబులు లేవు. అక్రిలిక్ మంచిదా ఆయిల్ మంచిదా అంటే నేనేం చెప్పను? నాకు తెలిసింది ఎనామెల్ డబ్బా, టర్పెంటైన్, అంతే. బొమ్మలు బాగున్నాయి, నీ చెయ్యి తిరిగింది. ఆ మాట అనేశాను కాబట్టి ఇక అసలు సంగతికి వస్తా.

నీ వ్యాసం మొదటి పేజీలో 'ప్రేరణ' అన్న మాట పదకొండుసార్లు ఉంది. పెన్సిలుతో గీతలు పెట్టి మరీ లెక్కపెట్టాను. 'ప్రకృతి నా తొలి గురువు' అన్నావు. 'జ్ఞాపకాలే నా రంగులు' అన్నావు. 'విశ్వాసం నా కుంచె' అన్నావు. అక్కడికే చిరాకు పుట్టి కాయితాలు పక్కన పడేశాను. సాయంత్రం చాయ్ తాగుతూ, పారేసే ముందు ఒకసారి చూద్దామని తీస్తే, అయిదో పేజీలో అడుగున ఇది కనపడింది:

"బతుకమ్మకు గునుగు పూలు రంగుల్లో ముంచిన చేత్తోనే అమ్మమ్మ నాకు అన్నం కలిపి పెట్టింది. ముద్దకు గులాబీ రంగు అంటింది. తిననని ఏడ్చాను."

చాయ్ చల్లారిపోయింది. ఈ మూడు ముక్కల కోసమే నీకు జవాబు రాస్తున్నాను, లేకపోతే రాసేవాణ్ణి కాదు. కానీ ఆ వెంటనే నువ్వేం చేశావు? 'ఇలాంటి మధురస్మృతులే నా కళకు ఊపిరి' అని రాసి దాని పీక పిసికేశావు. మధురం ఎక్కడిది బిడ్డా, నువ్వు ఏడ్చావు గదా! పోనీ బొమ్మల్లో అయినా ఉందా అని ఫోటోలు మళ్లీ తీశాను. ఒకదాంట్లో భద్రకాళి చెరువు మీద పొద్దుపొడుపు. ఒకదాంట్లో ఎడ్లబండి, తాటిచెట్లు. మూడోదాంట్లో కిరీటం పెట్టుకున్న సమ్మక్క. అన్నం ముద్ద మూడింట్లోనూ లేదు.

ప్రకృతి అన్న మాట మీ అమ్మమ్మ నోట ఎప్పుడైనా విన్నావా? గునుగు అంటుంది, తంగేడు అంటుంది, కట్ల పువ్వు అంటుంది. ఆ గునుగు కూడా రైతుకు పువ్వు కాదు, కలుపు. పత్తిచేన్ల, మక్కచేన్ల మొలిస్తే పీకి ఒడ్డు మీద పారేస్తాడు. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస దగ్గరికొచ్చేసరికి అదే కలుపు కోసం పిల్లలు కొడవళ్లు పట్టుకుని చెలకల వెంట తిరుగుతారు. తెచ్చిన దాన్ని చిన్న చిన్న కట్టలు కట్టి, కాడలు సమంగా కోసి, రంగునీళ్లలో తలలు ముంచి, ఆరబెట్టి, శిబ్బి పళ్లెంలో గుమ్మడాకు పరిచి వరసగా పేరిస్తే అప్పుడది పువ్వవుతుంది. చేతిలో పడ్డాకే అవుతుంది. గట్టు మీద నిలబడి 'ఆహా' అన్నవాడికి అది గడ్డిలాగే కనపడుతుంది.

నా పిచ్చి ఇదే. మనకు పని పడ్డ వస్తువే మనకు కనపడుతుంది. మిగతాదంతా సీనరీ. నలభై ఏళ్లుగా ఇదే పాట పాడుతున్నానని స్నేహితులు నవ్వుతారు. ఈ పాట నాకు వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక సేటు నేర్పాడు.

కథలు రాయకముందు నేను బోర్డులు రాసేవాణ్ణి. చౌరస్తా దగ్గర ఒక సందులో నా దుకాణం. ఒక నిచ్చెన, రెండు స్టూళ్లు, రంగు డబ్బాలు. ఫ్లెక్సీలు వచ్చి మా పొట్ట కొట్టకముందు సంగతి. మార్కెట్ దగ్గర ఒక మిర్చి కమీషన్ దుకాణం బోర్డు పని దొరికింది. పేరు కింద రెండు మిరపకాయల బొమ్మ వేయాలి. ఎర్ర డబ్బా మూత తీసి నేరుగా పూసేశాను. సేటు వచ్చాడు, చూశాడు, ఏమీ అనలేదు. నా రెక్క పట్టుకుని బస్తాల దగ్గరికి తీసుకుపోయి, "ఇండ్ల నీ ఎరుపు ఏది?" అన్నాడు.

కొత్తగా ఎండి వచ్చిన కాయ ఒక ఎరుపు. కోల్డ్ స్టోరేజీ నుంచి దించిన నిరుటి కాయ ఇంకో ఎరుపు, ఇటుక మీద వాన పడ్డట్టు. చపాట రకం అయితే బొద్దుగా టమాటలా ఉండి, నూనె రాసినట్టు మెరుస్తుంది. దానికి కారం తక్కువ, రంగు ఎక్కువ. పక్కన కుప్పలో తాలు, తెల్లబడి, గోధుమ వన్నె తేలి, ఎవరికీ పట్టనట్టు పడి ఉంది. కాయ ఎండినా తొడిమె ఎర్రబడదని కూడా నాకు ఆ రోజే తెలిసింది. చిన్నప్పటి నుంచి మిరపకాయ తింటున్నవాణ్ణే! ఎరుపులో కాస్త బ్రౌన్, కాస్త పసుపు కలిపి, తుమ్ముకుంటూ, కళ్లు తుడుచుకుంటూ రెండు రోజులు కూర్చున్నాను. మూడోసారి వేసిన బొమ్మకు సేటు తల ఊపాడు. కూలి మాత్రం ఒక్కసారిదే ఇచ్చాడు.

నా మొదటి కథ ఆ మిర్చి కుప్పల మీదే పుట్టింది. ఒక వారపత్రికకు పంపాను. అచ్చయిందని తెలిసి బస్టాండుకు పరుగెత్తి రెండు కాపీలు కొన్నాను. చూద్దును గదా, నా 'తాలు' పోయి 'పాడైపోయిన మిరపకాయలు' వచ్చింది. 'పొద్దుగూకింది' కాస్తా 'సంధ్య వాలింది' అయింది. యార్డులో హమాలీ పని చేసే మనిషిని కొడుకు 'బాపూ' అంటే, దాన్ని 'నాన్నగారూ' చేశారు. బస్తాలు మోసి ఇంటికొచ్చిన మనిషి ఆ పిలుపు వింటే వెనక ఎవరొచ్చారా అని తిరిగి చూస్తాడు. పైగా ఎడిటర్ గారు కార్డు రాశారు, భాష కొంచెం దిద్దుకుంటే పైకి వస్తారని. ఆ కార్డు ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలో ఉంది. చింపేద్దామని చాలాసార్లు తీసి, మళ్లీ లోపలే పెట్టాను.

ఇప్పుడు గాలి తిరిగింది. అప్పట్లో గునుగు అంటే మొహం చిట్లించినవాళ్ల వారసులే ఇప్పుడు కథలో బతుకమ్మ లేకుంటే వేసుకోరు. బొమ్మల్లోనూ అంతే. హోటల్ రిసెప్షన్లో, ఫంక్షన్ హాలు గోడ మీద, పెళ్లి కార్డు మీద అదే ముదురు రంగు చీర, అదే రూపాయంత బొట్టు, అదే పక్క చూపు. చిత్రకారుడు తోట వైకుంఠం గారివి చూసి వేసినవన్నీ. నీ ఎడ్లబండి మీద కూర్చున్నామె కూడా ఆయనింటి ఆడపడుచే, దాచకు.

ఆయన బొమ్మలు నాకు ఇష్టం. ఆయన 1942లో మన కరీంనగర్ వైపు బూరుగుపల్లిలో పుట్టి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకుని వచ్చాక మళ్లీ ఊరి ఆడవాళ్లనే పట్టుకున్నాడు. అంతవరకు అందరికీ తెలుసు. నాకు నచ్చే సంగతి వేరే ఉంది. చిన్నప్పుడు ఊళ్లోకి వచ్చిన నాటకాల్లో ఆడవేషం కట్టిన మగవాళ్లను కళ్లప్పగించి చూసేవాణ్ణని ఆయనే చెప్పుకున్నాడు. ఆ ముదురు రంగులు, ఆ నిండు అలంకారం మళ్లీ చూడు. ఆయనకు జ్ఞాపకం ముందు గుమ్మంలోంచి రాలేదు, గ్రీన్‌రూమ్‌లోంచి వచ్చింది. నీకది అన్నం కంచంలోంచి వస్తుంటే తలుపేసి, ఎడ్లబండి తోలుకొచ్చావు. మీ ఇంట్లో ఎడ్లబండి ఉండేదా? మీ నాయన ఆర్టీసీ డ్రైవరని నువ్వే రాశావు. ఆ ఖాకీ చొక్కా ఏ బొమ్మలో ఉంది?

చేర్యాలకు ఒకసారి పో. ఇప్పుడు సిద్దిపేట జిల్లా అంటున్నారు గానీ అది మన వరంగల్ జిల్లాదే. నేను మొదటిసారి పోయినప్పుడు పటాలు గీసే నకాషీ వాళ్లింట్లో ముందు ముక్కుకు తగిలింది ఉడుకుతున్న చింతగింజల జిగురు వాసన. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఆ జిగురు కలిపి పూత మీద పూత పూసి ఆరబెడుతున్నారు. ఒక్క గీత పడకముందే ఇంత చాకిరీ. నేనూ నీలాగే కుర్రతనం కొద్దీ ఆ పెద్దమనిషిని, "బొమ్మ ఎట్ల తడుతది మీకు?" అని అడిగాను. ఆయన కుంచె దించకుండానే, "ఎవరికి చేస్తున్నమో చెప్తరు గద" అన్నాడు.

నాకది జవాబులా అనిపించలేదు. చాలా ఏళ్లకు గానీ ఎక్కలేదు. నలభై అడుగుల పటం గోడకు తగిలించుకోవడానికి పుట్టలేదు. రాత్రిపూట ఊళ్లో విప్పి కథ చెప్పడానికి పుట్టింది. పద్మశాలీలకు కథ చెప్పే కూనపులి వాళ్లడిగితే మార్కండేయ పురాణం, మాదిగలకు చెప్పే డక్కలి వాళ్లడిగితే జాంబపురాణం. చూసేది ఎవరో ముందే తెలుసు కాబట్టి బొమ్మ ఎలా ఉండాలో కూడా తెలుసు. మగ్గం తప్పుగా వేస్తే పద్మశాలి వాడలో ఊరుకుంటారా? నీ వ్యాసంలో 'కళాభిమానులు' అన్న మాట ఉంది. వాళ్లెవరు? ఏ వాడలో ఉంటారు?

రామప్ప గుడి గురించి పేజీన్నర రాశావు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు, ఇటుకలు నీళ్ల మీద తేలతాయి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, ఇదంతా గైడ్ చెప్తాడు. ఎత్తు మడమల చెప్పులు వేసుకున్న మదనిక శిల్పం ఉంది గదా, ఆమె దగ్గర ఒక పూట కూర్చోలేదేం? నల్లరాతిలో చెప్పు మడమ చెక్కాలంటే అతను ఎవరి కాళ్లనో బాగా చూసి ఉండాలి. నేనైతే ఆ రేచర్ల రుద్రుణ్ణి వదిలేసి ఆ కాళ్ల వెనక పోతాను.

ఇక మూడో బొమ్మ. దీని మీద నాకు కోపం ఎక్కువ, కాబట్టి నెమ్మదిగా రాస్తాను. సమ్మక్క జాతర జరిగే మేడారంలో విగ్రహం లేదు. చిలకలగుట్ట మీంచి కోయ పూజారులు కుంకుమభరిణె రూపంలో తల్లిని తెస్తారు. గుట్ట దిగే వేళ ఎస్పీ గాల్లోకి తుపాకీ పేలుస్తాడు. ఆ చప్పుడుకే జనానికి తెలుస్తుంది, తల్లి బయల్దేరిందని. నేను చూసిన జాతరలో నాకు ఏమీ కనపడలేదు. ముందు వీపులు, తాళ్లు, దుమ్ము. నా పక్కన ఒక ముసలామె, ఆమెకూ ఏమీ కనపడలేదు, తుపాకీ చప్పుడుకు రెండు చేతులెత్తి బోరున ఏడ్చింది. ఆ చేతులకు బెల్లం అంటుకుని ఉంది. ఆ బెల్లాన్ని అక్కడ బంగారం అంటారు. చేతుల మీద ఈగలు వాలుతున్నా ఆమెకు సోయి లేదు. మొహం లేని తల్లికి నువ్వు క్యాలెండర్ మొహం, కిరీటం పెట్టావు. ఆ ఈగలు వాలిన చేతులు వేస్తే మొహం అవసరమే పడేది కాదు.

నేను దేవుణ్ణి నమ్ముతానా అని అడిగావు. అది ఇంకో ఉత్తరం. ఒగ్గు పూజారులు మల్లన్నకు పట్నం, అంటే నేల మీద రంగుపొడుల ముగ్గు, వేయడం చూసినప్పుడు మాత్రం నా నోరు మూతపడిందని చెప్పగలను. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, పచ్చటి పొడి. వేళ్ల సందులోంచి జారుతుంటే నేల మీద గీత పారుతుంది. చెరిపి దిద్దడం ఉండదు. బోర్డులు రాసే చెయ్యి కదా అన్న పొగరుతో ఇంటికొచ్చి, వాకిట్లో నేనూ చిటికెడు పిండితో గీశాను. జానెడు దూరం పోకముందే గీత తెగింది. మళ్లీ గీశాను, మళ్లీ తెగింది. కొమురవెల్లిలో శివరాత్రికి వేసే పెద్దపట్నాన్ని అంత కష్టపడి వేసి, ఆఖరికి పూజారులే తొక్కేస్తారు. మీ అమ్మమ్మ పేర్చిన బతుకమ్మ కూడా అంతే, చెరువులో పోవడానికే. బొమ్మలు అమ్ముడుపోకపోతే ఏం చేయాలి, ఎగ్జిబిషన్ అంటే టెన్షన్ అన్నావు. ఏమో బిడ్డా. నేను రాసిన బోర్డుల్లో ఒక్కటీ మిగల్లేదు. ఆ మిర్చి బోర్డు మీద కొన్నాళ్లు ఇంకెవరిదో ఫ్లెక్సీ కట్టారు, తర్వాత దుకాణమే పోయింది.

ఏ పత్రికకు పంపాలన్నది కూడా అడిగావు. వ్యాసం ఇలాగే ఉంటే ఏ పత్రికైనా వేసుకుంటుంది, దానికి నా సిఫారసు అక్కర్లేదు. మొదటి నాలుగు పేజీలు పొయ్యిలో పెట్టి, అయిదో పేజీ అడుగు నుంచి మొదలుపెట్టి రాస్తే మాత్రం నాకు పంపు. రాసేముందు మీ అమ్మమ్మను అడిగి రావలసినవి కొన్ని ఉన్నాయి. ఆ గునుగు ఎక్కడ కోసింది, ఎవరి చేన్లో? రంగు పొట్లం ఎంతకు కొన్నది? చేతులు కడుక్కోకుండా అన్నం ఎందుకు కలిపింది, నీళ్లు లేకనా, నీ ఆకలికి ఆగలేకనా? నువ్వు తిననన్నాక ఆ ముద్ద ఎవరు తిన్నారు? ఆ రంగు ఆమె వేళ్ల నుంచి ఎన్నాళ్లకు పోయింది?

తిరుగు కవరుకని నువ్వు పెట్టిన స్టాంపులు దీనికే అతికిస్తున్నాను. ఈ రోజుల్లో స్టాంపులు పెట్టి పంపేవాళ్లున్నారా అని మా ఇంటావిడ ఆశ్చర్యపోయింది.

ఇట్లు,
నువ్వు సార్ అని పిలిచిన బోర్డుల పెయింటర్