పాత ఏహెచ్‌యూకి న్యూమాటిక్ థర్మోస్టాట్, డ్యాంపర్ యాక్చుయేటర్ కొనేముందు ఏం చూడాలి?

మీ ప్రశ్న ఇదీ: పైడిభీమవరం వైపు మందుల యూనిట్‌లో పాత ఏహెచ్‌యూ (గదులకి చల్లగాలి పంపే ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్), గాలి ఒత్తిడితో నడిచే న్యూమాటిక్ కంట్రోళ్లు. గది థర్మోస్టాట్ తిప్పినా మార్పు లేదు, ఫ్రెష్ ఎయిర్ డ్యాంపర్ (బయటిగాలి దారిని తెరిచి మూసే బ్లేడ్లు) సగంలో ఆగిపోతోంది. థర్మోస్టాట్, డ్యాంపర్‌ని కదిపే యాక్చుయేటర్ రెండూ మార్చాలి, ఏ మోడల్ తెప్పించమంటారు?

మోడల్ సంగతి కింద చెప్పేవన్నీ తేలాకే. ముందు పాత థర్మోస్టాట్ ఏ రకమో తేల్చుకోండి. బ్రాంచ్ లైన్‌కి (థర్మోస్టాట్ నుంచి వాల్వుకో డ్యాంపర్‌కో వెళ్లే గాలి గొట్టం) 0–30 పీఎస్‌ఐ ప్రెజర్ గేజి పెట్టి, కవరు తీసి, బైమెటల్ పట్టీ దగ్గర అరచెయ్యి ఉంచండి. వేడి తగిలేకొద్దీ గేజి ఎక్కితే డైరెక్ట్ యాక్టింగ్, దిగితే రివర్స్ యాక్టింగ్. డైరెక్ట్ యాక్టింగ్‌కి జోడీ నార్మల్లీ క్లోజ్డ్, అంటే గాలి ప్రెజర్ లేనప్పుడు మూసుకుని ఉండే, చిల్డ్ వాటర్ వాల్వు. గది వేడెక్కితే ప్రెజర్ పెరుగుతుంది, వాల్వు తెరుచుకుంటుంది. దాని స్థానంలో రివర్స్ యాక్టింగ్ బిగిస్తే చల్లబడిన గదికి ఇంకా చల్లనీళ్లు వెళ్తూనే ఉంటాయి. చాలాసార్లు కొత్త పీసు పాడైందని వెనక్కి పంపేది ఈ పొరపాటుకే.

రెండోది పైపుల లెక్క. గోడలోంచి ఒకే గొట్టం వస్తే అది బ్లీడ్ రకం. దానికి వెనకాల ఎక్కడో సన్న రంధ్రం రెస్ట్రిక్టర్ ఉంటుంది. రెండు గొట్టాలుంటే రిలే రకం, ఒకటి కంప్రెసర్ వైపు నుంచి గాలి తెచ్చే మెయిన్, ఒకటి బ్రాంచ్. ఇవి ఒకదానికొకటి సరిపడవు. రెస్ట్రిక్టర్ లేని లైనుకి బ్లీడ్ రకం పెడితే గాలి బుస్సుమని పోతూనే ఉంటుంది, ప్రెజర్ మాత్రం దిగదు. రెస్ట్రిక్టర్ ఉన్న లైనుకి రిలే రకం పెడితే గాలి చాలక డ్యాంపర్ నత్తలా కదులుతుంది.

ఇక యాక్చుయేటర్. అసలు లెక్క ఇక్కడే, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. స్ప్రింగ్ రేంజ్ అంటే ఏ ప్రెజర్‌కి కదలడం మొదలై ఏ ప్రెజర్‌కి పూర్తవుతుందో అది: 3–7, 5–10, 8–13 పీఎస్‌ఐలు మామూలుగా దొరికేవి. ఆ అంకెలు ఏది ముందు కదలాలనే వరసక్రమానికే కాదు, బలానికి కూడా. మీ డ్యాంపర్ 1.2 మీటర్లు × 0.9 మీటర్లు అనుకుందాం, సుమారు 1.1 చదరపు మీటర్లు. సీళ్లున్న బ్లేడ్లకి చదరపు మీటరుకు 8 న్యూటన్ మీటర్లు వేసుకోండి, మొత్తం దాదాపు 9. స్ట్రోకు (యాక్చుయేటర్ కడ్డీ కదిలే దూరం) 100 మిల్లీమీటర్లు, తిరగాల్సింది 90 డిగ్రీలు అయితే డ్యాంపర్ ఇరుసుని తిప్పే క్రాంక్ ఆర్మ్ 71 మిల్లీమీటర్లు. రెండు చివర్లలో ఆర్మ్ 45 డిగ్రీల వాలులో ఉంటుంది గనక పనికొచ్చేది 50 మిల్లీమీటర్లే. అంటే 180 న్యూటన్లు, సుమారు 18 కేజీల బలం కావాలి.

యాక్చుయేటర్‌లో గాలి ఒత్తే పొర, అదే డయాఫ్రం, 8 చదరపు అంగుళాలది తీసుకుంటే, గాలి పోయినప్పుడు స్ప్రింగ్ వెనక్కి లాగే బలం 3–7కి 11 కేజీలు, 5–10కి 18, 8–13కి 29. మెయిన్ 18 పీఎస్‌ఐ ఉన్నప్పుడు ముందుకు తోసే బలం అదే వరసలో 40, 29, 18. ఫ్రెష్ ఎయిర్ డ్యాంపర్ గాలి పోతే మూసుకోవాలి. మన తీరంలో తడిగాలి లోపలికి తెరుచుకుని ఉంటే గాలిని చల్లబరిచే కాయిల్ మీద పడే భారం ఇంతా అంతా కాదు. అందుకే ఇక్కడ 3–7 పనికిరాదు, సీళ్లు నొక్కుకునే ముందే ఆగిపోతుంది. నేనైతే 8–13 పెట్టి మెయిన్ 20కి పెంచుతాను, తోసే బలం 25కి చేరుతుంది. ఆ లైను మీదున్న మిగతా పరికరాలు దానికి ఒప్పుకోవాలి. మెయిన్ ప్రెజర్ మార్పుతో పగలు–రాత్రి సెట్టింగు మారే థర్మోస్టాట్లు ఉంటే మాత్రం మెయిన్ ప్రెజర్‌ని ముట్టుకోవద్దు, పెద్ద డయాఫ్రం చూడండి.

సగంలో ఆగడానికి కారణం కూడా ఈ లెక్కలోనే ఉంది. 18 కేజీల రాపిడిని 8 చదరపు అంగుళాల మీద దాటాలంటే 5 పీఎస్‌ఐ తేడా రావాలి. 5–10 స్ప్రింగు మొత్తం పరిధి అంతే కదా! థర్మోస్టాట్ ఎంత మంచిదైనా డ్యాంపర్ కదలకుండా ఉండి, తర్వాత ఒక్కసారి గెంతుతుంది. దీనికి మందు పొజిషనర్ అనే పరికరం. అది థర్మోస్టాట్ సిగ్నల్‌ని కేవలం ఆదేశంగా తీసుకుని, బలం మాత్రం మెయిన్ గాలి నుంచి తెచ్చుకుంటుంది. ఒకే సిగ్నల్ మీద రెండు మూడు యాక్చుయేటర్లున్నా, ఒకటి మూసుకున్నాకే ఇంకోటి తెరవాలన్నా అది తప్పనిసరి.

అయితే ఖర్చుపెట్టే ముందు యాక్చుయేటర్‌ని డ్యాంపర్‌కి కలిపే లింకు ఊడదీసి బ్లేడ్లని చేత్తో తిప్పి చూడండి. ఉప్పుగాలికి బుష్‌లు తుప్పుపట్టి బిగుసుకుంటాయి. చేత్తో కదలనిదాన్ని యాక్చుయేటర్ మాత్రం ఏం కదుపుతుంది? నైలాన్ బుష్‌లు వేస్తే చాలాసార్లు పాత యాక్చుయేటరే సరిపోతుంది.

గాలి సంగతి కూడా. బ్రాంచ్ గొట్టం ఊడదీసి తెల్లకాగితం మీద ఊదనివ్వండి. నూనె మరక పడితే కొత్త థర్మోస్టాట్ నెలలు తిరక్కుండా మూసుకుపోతుంది. ముందు గాలిలోని నూనెని పట్టే కోలెసింగ్ ఫిల్టరు మార్చాలి. తడి కనిపిస్తే రిఫ్రిజిరేటెడ్ డ్రయ్యరు, ట్యాంకు ఆటో డ్రెయిన్ చూడండి. వానాకాలంలో రోజూ చేత్తో కూడా డ్రెయిన్ తెరవడం మంచిది. కంప్రెసర్ మూడింట ఒక వంతు సమయం కన్నా ఎక్కువ నడుస్తోందంటే ఎక్కడో లీకుంది, సబ్బునీళ్లు పట్టండి. పావు అంగుళం గొట్టానికి 6 మిల్లీమీటర్ల పుష్ ఫిట్టింగులు పెట్టారేమో చూడండి, లీకులకి అదో అడ్డా.

అన్నీ అయ్యాక కాలిబ్రేషన్. పక్కన మంచి థర్మామీటరు పెట్టి పది నిమిషాలు ఆగి, డయల్‌ని గది ఉష్ణోగ్రతకి తిప్పి, స్క్రూతో బ్రాంచ్ ప్రెజర్‌ని స్ప్రింగ్ రేంజ్ మధ్యకి తెండి: 8–13కి అది 10.5. దగ్గర నిలబడి ఊపిరి తగిలించకండి, ఒళ్లు వేడికే అంకె జరిగిపోతుంది.