ఐల్ ఆఫ్ మ్యాన్ వెళ్తున్న మా చిట్టికి

చిట్టీ,

నోబుల్స్ హాస్పిటల్‌లో నీకు స్టాఫ్ నర్సు ఉద్యోగం ఖాయమైందని మీ అమ్మ ఫోన్ చేసింది. "అక్కా, చిట్టి ఇంగ్లండ్ వెళ్తోంది" అంది. మీ పెదనాన్నకి చెప్తే ఆయన అన్న మొదటి మాట, "అది ఇంగ్లండ్ కాదుగా" అని. సంతోషంతో ఒకటే హడావుడి పడ్డానా, రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నేను అన్నేళ్ళు తిరిగిన వార్డుల్లో ఇక నువ్వు తిరుగుతావంటే గర్వంగానే ఉంటుంది మరి. కానీ ఆ పొగమంచు, ఆ కొండ రోడ్డు తలుచుకుంటే గుండెలో రాయి పడ్డట్టుంది. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడదామనుకున్నా గానీ నువ్వు సగం విని ఆపేస్తావు. అందుకే రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ఎన్ఎంసీ (బ్రిటన్ నర్సుల కౌన్సిల్) రిజిస్ట్రేషన్, ఇంగ్లిష్ పరీక్ష, సర్టిఫికెట్ల అటెస్టేషన్, ఇవన్నీ నీకు నాకంటే బాగా తెలుసు. ఒరిజినల్స్ చేతి సంచిలో పెట్టుకో, అంతే.

ముందు ఆ ఊరు ఏమిటో సరిగ్గా బుర్రలోకి ఎక్కించుకో. ఇంగ్లండ్‌కీ ఐర్లాండ్‌కీ మధ్య సముద్రంలో 572 చదరపు కిలోమీటర్ల ద్వీపం. 2021 జనాభా లెక్కల్లో 84,069 మంది. ఇది యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగం కాదు. బ్రిటిష్ రాజే దీనికీ అధిపతి, కానీ అక్కడ ఆయన్ని 'లార్డ్ ఆఫ్ మ్యాన్' అంటారు, ఆయన తరఫున ఒక లెఫ్టినెంట్ గవర్నర్ ఉంటారు. రక్షణ, విదేశీ వ్యవహారాలు లండన్ చూసుకుంటుంది, అందుకు ద్వీపం డబ్బు కూడా కడుతుంది. పన్నులు, హాస్పిటళ్ళు, బళ్ళు, పోలీసులు, రోడ్లు అన్నీ వీళ్ళవే. నీకు జీతమిచ్చే మ్యాంక్స్ కేర్ (మ్యాంక్స్ అంటే ఆ ద్వీపానిది అని) కూడా 2021లో ఈ ప్రభుత్వం ఏర్పాటు చేసిందే, ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్య సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ కాదు.

ఇదంతా జీకే పరీక్షకి చెప్తున్నాననుకోకు. నీ వీసా ఈ ద్వీపం ఇచ్చే వీసా. దాంతో లివర్‌పూల్ వెళ్ళి చుట్టాల్ని చూసి రావచ్చు, లండన్ తిరిగి రావచ్చు, అడ్డు లేదు. కానీ "సెలవు రోజుల్లో మాంచెస్టర్‌లో ఏజెన్సీ షిఫ్టులు చేసుకో, గంటకి బోలెడు వస్తుంది" అని ఎవరో ఒకరు చెవిలో ఊదుతారు. వినకు. ఆ వీసా ద్వీపంలో ఉద్యోగానికే. డబ్లిన్ సంగతి ఇంకా జాగ్రత్త. ఆకాశం తేటగా ఉన్న రోజు పడమటి ఒడ్డున ఉన్న పీల్ ఊరి నుంచి చూస్తే ఐర్లాండ్ దీవి కొండలు కళ్ళెదుటే కనిపిస్తాయి, చెయ్యి చాపితే అందేట్టు. అయినా డబ్లిన్‌లో దిగాలంటే మన పాస్‌పోర్టుకి ఐర్లాండ్ వీసా వేరే కావాలి. విమానం డబ్లిన్ మీదుగా చవగ్గా దొరికిందని బుక్ చేసెయ్యకు.

ఇంకో సంగతి, అక్కడివాళ్ళ ముందు ఇంగ్లండ్‌ని 'మెయిన్‌లాండ్' అనొద్దు. ముఖం మాడ్చుకుంటారు. వాళ్ళు 'అక్రాస్' అంటారు. "అక్రాస్ వెళ్ళొచ్చాను" అంటే సముద్రం దాటి వెళ్ళొచ్చానని. బయటినుంచి వచ్చిన మనల్ని 'కమోవర్' అంటారు. దానికి చిన్నబుచ్చుకోకు, జనాభాలో సగం మంది బయట పుట్టినవాళ్ళే.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. మీ పెదనాన్న చేసిన పని నీకు పూర్తిగా ఎవరూ చెప్పి ఉండరు. ఇంట్లో ఆ మాటెత్తితే ఇప్పటికీ ఆయన లేచి వరండాలోకి వెళ్ళిపోతారు.

ఆయన ఆఖరి చెల్లెలి పెళ్ళి. మా మామయ్యగారు అప్పటికే లేరు, పెద్దకొడుకుగా కన్యాదానం ఈయనే చెయ్యాలి. టికెట్లు ఈయనే చూశారు. పొద్దున్నే ద్వీపం నుంచి మాంచెస్టర్‌కి చిన్న విమానం, అదే మధ్యాహ్నం మాంచెస్టర్ నుంచి దుబాయ్ మీదుగా హైదరాబాద్‌కి పెద్ద విమానం. రెండూ వేర్వేరు బుకింగులు. మధ్యలో అయిదు గంటలుంది, చాలు అన్నారు. మా వార్డు సిస్టర్ ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన మనిషి, "ముందు రోజు పడవలో వెళ్ళిపోండి" అని నాతో చెప్పింది కూడా. నేను ఇంటికొచ్చి చెప్తే, "ఒక రాత్రి హోటల్ ఖర్చు దండగ కాదా" అని కొట్టిపారేశారు.

రోనాల్డ్స్‌వే ఎయిర్‌పోర్ట్ ద్వీపానికి దక్షిణాన సముద్రం ఒడ్డునే ఉంటుంది. మేం ఇంట్లో బయల్దేరినప్పుడు ద్వీపం రాజధాని డగ్లస్‌లో ఆకాశం శుభ్రంగా ఉంది. తీరా అక్కడికి వెళ్ళేసరికి అద్దాల అవతల తెలుపు తప్ప ఇంకేం లేదు. రన్‌వే పక్కన దీపాలు ఒకసారి రెండు కనిపించేవి, మళ్ళీ మాయమయ్యేవి. మాంచెస్టర్ నుంచి రావాల్సిన విమానం చప్పుడు మా నెత్తిమీద స్పష్టంగా వినిపించింది, ఒక చుట్టు తిరిగింది, వెనక్కి వెళ్ళిపోయింది. బోర్డు మీద 'ఆలస్యం' అన్నది 'రద్దు' అయింది. పక్కనున్న ముసలాయన తాపీగా పేపర్ మడిచి, "మానన్నన్ దుప్పటి కప్పాడు" అన్నాడు. మానన్నన్ వాళ్ళ సముద్ర దేవుడు, శత్రువుల కంట పడకుండా ద్వీపం మీద మంచు కప్పుతాడట. ఆ కథ ఇంకో రోజైతే నేనూ ముచ్చటగా వినేదాన్నే.

రెండో విమానం సంస్థకి ఫోన్ చేస్తే, మీ మొదటి టికెట్‌తో మాకు సంబంధం లేదన్నారు. వాళ్ళ లెక్కలో మేం రాని ప్రయాణికులం. డబ్బు పోయింది. ఆ రాత్రి పడవెక్కి హేషమ్‌లో దిగి, అక్కణ్ణుంచి మాంచెస్టర్ చేరి, ఎక్కువ ధర పెట్టి కొత్త టికెట్లు కొన్నాం. టీ తాగుదామని కౌంటర్ దగ్గర పదిపౌండ్ల నోటిస్తే, ఆ పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, దాని మీదున్న ద్వీపం గుర్తు, ఆ మూడు కాళ్ళ బొమ్మ మీద వేలు పెట్టి, "ఇది మేం తీసుకోం" అని వెనక్కిచ్చేసింది. ద్వీపంలో ఏటీఎంలో వచ్చేవి మ్యాంక్స్ నోట్లు. విలువ ఇంగ్లండ్ పౌండుతో సమానమే, అక్కడ ఇంగ్లండ్ నోట్లూ చెల్లుతాయి. సముద్రం దాటి ఇంగ్లండ్ వస్తే మాత్రం ఆ నోటు తీసుకోవాలన్న చట్టమేం లేదు. మీ పెదనాన్న ఆ నోటు పట్టుకుని, "రాణి బొమ్మ ఉంది చూడమ్మా!" అని ఆ పిల్లకి చూపిస్తున్నారు. ఆ గొంతు ఎలా ఉందో నాకు గుర్తే.

మేం వెళ్ళేసరికి పందిరి విప్పుతున్నారు. కన్యాదానం మీ పెదనాన్న తమ్ముడు చేశాడు. చెల్లెలు అత్తారింటికి వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి ఇప్పటికీ ఒక్క మాట అనలేదు, అందుకే ఈయనకి ఇంకా బాధ.

కాబట్టి రాసిపెట్టుకో. ఇండియా వచ్చేటప్పుడు ఒక రోజు ముందే సముద్రం దాటి, మాంచెస్టర్‌లోనో లివర్‌పూల్‌లోనో పడుకుని, మర్నాడు విమానం ఎక్కు. చలికాలంలో అయితే రెండు రోజులు ముందు. విమానం లేకపోతే పడవ, పడవ లేకపోతే విమానం, గాలీ మంచూ రెండూ కలిసొస్తే ఏదీ లేదు. బయల్దేరే ముందు బ్యాంకుకెళ్ళి ఇంగ్లండ్ నోట్లు అడుగు, మార్చి ఇస్తారు. ఇంకోటి, ఇది రాయడం నాకే కష్టంగా ఉంది. ఇక్కడ మాలో ఎవరికైనా ఏదైనా అయితే నువ్వు రావడానికి ఎంత లేదన్నా రెండు రోజులు పడుతుందని మీ అమ్మకి ఇప్పుడే చెప్పి ఉంచు. కబురు వచ్చాక చెప్తే అర్థం కాదు. ఏడుస్తూ ఎయిర్‌పోర్ట్‌లో కూర్చోకు తల్లీ, ఎవరూ నిన్ను తప్పుపట్టరు.

చలికి భయపడకు, స్నో తక్కువే పడుతుంది. గాలీ వానే అసలు గొడవ. డగ్లస్ ప్రామినేడ్ (సముద్రం ఒడ్డు రోడ్డు) మీద వాన పైనుంచి పడదు, పక్కనుంచి కొడుతుంది. గొడుగు కొనడం దండగ, టోపీ ఉన్న మంచి రెయిన్‌కోటు కొనుక్కో. డిసెంబర్‌లో మధ్యాహ్నం నాలుగింటికే చీకటి, పగటి డ్యూటీ చేస్తే ఎండ మొహం చూడవు. జూన్‌లో రాత్రి పదింటికీ వెలుతురే. తుపాను గాలులకి పడవలు ఆగితే సూపర్ మార్కెట్‌లో పాలు, బ్రెడ్డు అరలు ఖాళీ. బియ్యం, కందిపప్పు, చింతపండు ఎప్పుడూ ఒక నెలకి సరిపడా ఉంచుకో.

పెద్ద కేసులు కొన్ని లివర్‌పూల్‌కి పంపాలి. పంపాల్సిన రోజున వాతావరణం బాగుండకపోతే ఆ పేషెంటు, ఆ కుటుంబం, నువ్వూ అందరూ కిటికీలోంచి ఆకాశం చూస్తుంటారు. కొత్తలో నాకు అదే టెన్షన్‌గా ఉండేది. బంధువులకి అబద్ధపు ధైర్యం చెప్పకు, వాళ్ళకి ఆ సముద్రం నీకంటే బాగా తెలుసు.

ఇక బండి. టీటీ బైకు రేసులు చూడాలని తెగ ఉబలాటపడుతున్నావట, సెకండ్ హ్యాండ్ బైకు కొంటావట. చెంప పగలగొడతా. 1907లో మొదలైన రేసులు అవి, మే చివర్లో మొదలై జూన్‌లోకి సాగుతాయి, మామూలు రోడ్లే మూసేసి ఇళ్ళ గోడల పక్కనుంచి, దీపస్తంభాల పక్కనుంచి 60 కిలోమీటర్ల చుట్టు తిరుగుతారు. ఆ కొండ రేసు దారి మీద ఇప్పటికి 250 మందికి పైగా పోయారు. మనం చూసేది రేసు కాదు, రేసు తర్వాత స్ట్రెచర్ మీద వచ్చేవాణ్ణి. బూటు కత్తిరించి తీస్తుంటే ఇరవై ఏళ్ళ కుర్రాడు, "మా అమ్మకి మీరు ఫోన్ చెయ్యొద్దు, నేనే చేస్తా" అన్నాడు. ఆ చెయ్యి వణుకుతోంది, ఫోన్ నేనే పట్టుకున్నా. ఊళ్ళు దాటితే చాలా రోడ్లకి వేగపరిమితే లేదక్కడ. బస్సులు చక్కగా ఉన్నాయి, బస్సెక్కు. కారు కావాలంటే ఏడాది పోనీ, చూద్దాం. రేసు చూడాలనుకుంటే గోడ వెనక, ఎత్తు మీద, మార్షల్ (రేసు దారి కాపలా మనిషి) చూపించిన చోటే నిలబడు.

డగ్లస్ నుంచి కాజిల్‌టౌన్ వెళ్ళే దారిలో ఫెయిరీ బ్రిడ్జ్ అని చిన్న వంతెన వస్తుంది. దాటేటప్పుడు అందరూ అక్కడి దేవకన్యలకి హలో చెప్తారు, బస్సులో సూటు వేసుకున్నవాళ్ళతో సహా. మన కట్ట మైసమ్మ ముందు డ్రైవర్లు చెయ్యెత్తినట్టే. నువ్వూ చెప్పు, సైన్సు చదివానని మొండికెయ్యకు.

జూలై 5న సెలవు దొరికితే సెయింట్ జాన్స్ అనే ఊరికి వెళ్ళు. వాళ్ళ పార్లమెంటు టిన్వాల్డ్, వెయ్యేళ్ళకి పైగా ఆగకుండా నడుస్తోందని చెప్పుకుంటారు. 1979లో వెయ్యేళ్ళ పండగ చేసుకున్నారు. ప్రజలు ఎన్నుకునే హౌస్ ఆఫ్ కీస్‌లో 24 మంది, పైన లెజిస్లేటివ్ కౌన్సిల్. ఆ రోజు అందరూ ఆరుబయట మెట్లు మెట్లుగా ఉన్న పచ్చటి దిబ్బ మీద కూర్చుంటారు, ఆ ఏడాది చేసిన చట్టాలు ఇంగ్లిష్‌లోనూ మ్యాంక్స్‌లోనూ చదివి వినిపిస్తారు. అలా చదవకుండా 18 నెలలు దాటితే ఆ చట్టం చెల్లదు. ఎవరికి ఏ కష్టమున్నా ఆ దిబ్బ కిందకి నడిచి వెళ్ళి అర్జీ ఇవ్వచ్చు. ఒక పెద్దావిడ చేతికర్రతో వెళ్ళి కాగితం ఇచ్చి రావడం నేను చూశా, ఎవరూ తొయ్యలేదు, అడ్డు పెట్టలేదు. సొంత ఆస్తి ఉన్న ఆడవాళ్ళకి 1881లోనే ఓటిచ్చారు, లండన్ కంటే ఎన్నో ఏళ్ళు ముందు. ఇప్పుడు 16 ఏళ్ళ పిల్లలకీ ఓటుంది. ఎమ్మెల్యే లాంటివాళ్ళు సూపర్ మార్కెట్ క్యూలో మన వెనకే నిలబడతారు.

ఆ చదివే మ్యాంక్స్ భాషని పుట్టుకతో మాట్లాడిన ఆఖరి మనిషి నెడ్ మాడ్రెల్ 1974లో పోయాడు. 2009లో యునెస్కో ఆ భాష అంతరించిందని రాస్తే, ఆ భాషలోనే చదువుకునే బడి పిల్లలు "మరి మేం ఏ భాషలో రాస్తున్నాం?" అని ఉత్తరాలు పంపారు. యునెస్కో మార్చుకోక తప్పలేదు. పేషెంటు మ్యాంక్స్‌లో పలకరిస్తే ఒకటి రెండు మాటలు నేర్చుకుని తిరిగి పలుకు, ఎంత మురిసిపోతారో.

చిన్న ఊరు కాబట్టి ఒకటి గుర్తుంచుకో. వార్డులో ఒకరి గురించి ఇంకొకరి దగ్గర ఏమీ అనకు, విన్నవాళ్ళు వాళ్ళ మేనల్లుడో పక్కింటివాళ్ళో అయి ఉంటారు. ఒంటరిగా అనిపిస్తే ఎంత రాత్రైనా నాకు ఫోన్ చెయ్యి. నాకు ఎలాగూ నిద్ర తక్కువ.

సూట్‌కేసులో నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి పెట్టొద్దని మీ అమ్మకి చెప్పు. పాలవి, మాంసంవి దిగగానే తీసేసుకుంటారు. ఆవకాయ, గోంగూర పచ్చడి ఎంతైనా పట్టుకెళ్ళు, రొయ్యల పచ్చడి కూడా ఫరవాలేదు. మీ పెదనాన్న ఇప్పుడే వచ్చి, "చిట్టి టికెట్లు నేను చూస్తా, చవగ్గా దొరుకుతున్నాయి" అంటున్నారు. ఆయనకి మాత్రం ఇవ్వకు.

మీ పెద్దమ్మ