ఈ ఆదివారం చేపలు కొనకు

చిరంజీవి శ్రావణికి,

పెదనాన్న ఆశీస్సులు. కొళత్తూరు చేపల బజారుకు వెళ్లి గప్పీలు, నియాన్ టెట్రాలు తెస్తానన్నావు. వెళ్లి చూసి రా, తప్పులేదు. కానీ కొత్త చేపలను నేరుగా పెద్ద తొట్టిలో వదలకూడదు, జబ్బేమైనా ఉంటే బయటపడేదాకా వేరు తొట్టిలో ఉంచాలి. ముందు దానికి ఏర్పాటు చేసుకో. కొనడం మాత్రం ఒక స్పాంజ్ ఫిల్టర్ (నీళ్లను స్పాంజి గుండా లాగి శుభ్రం చేసేది) కొను, చాలు. దాన్ని ఇప్పుడున్న పెద్ద తొట్టిలోనే ఓ మూల పెట్టి నెల రోజులు నడవనీ. చేపలు వదిలే అమ్మోనియాను హరించే బాక్టీరియా అందులో పెరగడానికి ఆ మాత్రం సమయం కావాలి. చాలామంది కొత్త చేపను కొత్త ఫిల్టర్‌తో వేరుగా పెట్టి, అది నాలుగు రోజుల్లో చచ్చిపోతే షాపువాణ్ణి తిడతారు. చాలాసార్లు దాన్ని చంపేది అమ్మోనియానే.

వేరు తొట్టికి 40 లీటర్లు చాలు, ప్లాస్టిక్ డబ్బా అయినా ఫర్వాలేదు. అడుగున ఇసుక వేయకు, మలం ఎలా ఉందో కనబడాలి. దాక్కోవడానికి రెండు పీవీసీ పైపు ముక్కలు పడెయ్. మొదటిసారి పెద్ద తొట్టి నీళ్లే నింపు. తర్వాత మార్చే మెట్రో వాటర్ కుళాయి నీళ్లలో క్లోరిన్ పోగొట్టే మందు కలపడం మరచిపోకు. చేపలు తెచ్చాక కవరును పావుగంట నీళ్లమీద తేలనిచ్చి, చేపను మాత్రం వలతో తీసి వెయ్. కవరు నీళ్లు సింకులో పోసెయ్.

కొత్త చేపలను ఆ వేరు తొట్టిలో నాలుగు వారాలు ఉంచాలి. ఎందుకంత టెన్షన్ అంటావేమో. తెల్లమచ్చల జబ్బు సంగతి చూడు. ఆ పరాన్నజీవి మొప్పల్లో ఉంటే మనకు కనబడదు. బాగా ఎదిగాక చేపను వదిలి అడుగుకు చేరి, వందల పిల్లలుగా చీలుతుంది. అవి ఈదుతూ మళ్లీ చేపను వెతుక్కుంటాయి. మందు పనిచేసేది ఆ ఈదే పిల్లల మీదే. అందుకే మచ్చలు రాలిపోయాయని మందు ఆపితే జబ్బు తిరగబెడుతుంది. మన చెన్నై నీళ్ల వెచ్చదనానికి ఈ చక్రమంతా వారంలోపే తిరుగుతుంది. డిసెంబరులో బెంగళూరులో మీ అత్త తొట్టిలోనైతే ఇంకా నెమ్మది.

గప్పీల విషయంలో ఇంకోటి. మలద్వారం దగ్గర ఎర్రటి సన్నని దారాల్లాంటివి వేలాడుతున్నాయేమో, చేప కదలకుండా నిలబడ్డప్పుడు చూడు. అవి పేగులో ఉండే పురుగులు. ఉప్పుకు లొంగవు, లెవామిసోల్ అనే పురుగుల మందు కావాలి.

జబ్బు లేని చేపకు ముందుజాగ్రత్తగా మందు వేయడం నాకు నచ్చదు. షాపుల్లో నీలం మందు సీసా ఒకటి చేతిలో పెడతారు, తెచ్చుకో గానీ మూత తీయకు. కల్లుప్పు కూడా అంతే, కోరీలు (అడుగున తిరిగే చిన్న చేపలు) దాన్ని ఎక్కువ ఓర్చుకోలేవు. రాగి ఉన్న మందైతే మీ రొయ్యలున్న తొట్టి దరిదాపులకు కూడా రానివ్వకు, ఒక్కటీ మిగలదు.

రోజూ ముందు పాత తొట్టికి మేత వేసి, ఆ తర్వాతే కొత్తదాని దగ్గరికి వెళ్లు. వల, బకెట్ వేర్వేరుగా ఉండాలి. మధ్యలో ఇంకో చేపను చేర్చావంటే నాలుగు వారాల లెక్క మళ్లీ మొదటికి. మొక్కలకూ ఇదే రూలు, వాటి ఆకులకూ ఆ పరాన్నజీవి అంటుకుని వస్తుంది. చేపల్లేని నీళ్లలో నెల ఉంచితే సరి.

రెండో వల కొనకు, నా దగ్గర ఒకటి ఊరికే పడి ఉంది. బుధవారం పెరంబూరు వస్తున్నా, ఇస్తాను.

మీ పెదనాన్న