క్విల్ట్ సాఫ్ట్‌వేర్ కొనే ముందు గుడ్డ లెక్క చూడండి

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా వారిది హెచ్-1బి ఉద్యోగ వీసా, నాది ఆయన భార్యగా వచ్చిన హెచ్-4. పని అనుమతి కార్డు ఇంకా రాలేదు. కొంతకాలంగా ఇంట్లో క్విల్టులు, అంటే గుడ్డ ముక్కలు జతచేసిన బొంతలు కుడుతున్నాను. ఏడాదికి నాలుగు పూర్తవుతాయి. వాటిలో రెండు కొన్న ప్యాటర్న్‌ల ప్రకారం కుట్టేవి, రెండు నా సొంత డిజైన్లు. గళ్ల కాగితం మీద గీసి లెక్క వేసుకుంటే ఎప్పుడూ గుడ్డ చాలకపోవడమో, బోలెడంత మిగలడమో జరుగుతోంది. క్విల్టు డిజైన్ గీసి, గుడ్డ లెక్క చెప్పే ఎలక్ట్రిక్ క్విల్ట్ 8 సాఫ్ట్‌వేర్ సుమారు 240 డాలర్లు. బ్రౌజర్‌లో నడిచే మరొకదానికి నెలకు 10 డాలర్ల చందా. మా వారు అనవసర ఖర్చంటున్నారు. క్విల్టులు అమ్మి ఆ డబ్బు రాబట్టుకోవచ్చా? ఏది కొనమంటారు?

జవాబు: మీరు చివర అడిగిన అమ్మకం సంగతి ముందు చెబుతాను. అందులో పొరపాటు జరిగితే నష్టం 240 డాలర్లతో ఆగదు. పని అనుమతి లేకుండా హెచ్-4 వీసా మీద ఉన్నవారు డబ్బు తీసుకుని క్విల్టులు కుట్టి ఇస్తే, అది అనుమతి లేని ఉపాధి కిందకు వచ్చే ప్రమాదం ఉంది. ఇంట్లో కూర్చునే కుట్టాను, తెలిసినవాళ్లకే ఇచ్చాను అంటే సరిపోదు. రేపు గ్రీన్‌కార్డు దరఖాస్తు వేళ ఇదే మెడకు చుట్టుకోవచ్చు. 2015 నుంచి కొందరు హెచ్-4 జీవిత భాగస్వాములకు పని అనుమతి ఇస్తున్నారు. మీ వారి గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 దరఖాస్తు ఆమోదం పొందితే మీరూ దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ కార్డు చేతికి వచ్చేదాకా కానుకలుగా ఇవ్వండి, అమ్మకం ఊసెత్తవద్దు. ఈ విషయంలో నా మాటతో ఆగకుండా ఒకసారి ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని అడగండి.

కార్డు వచ్చిందనే అనుకుందాం. అప్పుడైనా గిట్టుబాటు అవుతుందా? సోఫా మీద కప్పుకునే 60 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు క్విల్ట్ ఒకటి తీసుకుందాం. పై భాగానికి, అంచు పట్టీకి కలిపి ఆరు గజాలు, వెనక గుడ్డకు ఐదు గజాలు. గజం 13 డాలర్ల చొప్పున 143 డాలర్లు. మధ్యలో పరిచే దూది లాంటి పొర (బ్యాటింగ్) 30 డాలర్లు. మూడు పొరలనూ కలిపి కుట్టే పెద్ద లాంగ్‌ఆర్మ్ యంత్రం ఉన్నవారికి ఇచ్చి కుట్టిస్తే, చదరపు అంగుళానికి రెండు సెంట్ల లెక్కన 96 డాలర్లు. మొత్తం 269. దాన్ని చేతిపని వస్తువులు అమ్మే ఎట్సీ వెబ్‌సైట్‌లో 300కు అమ్మితే జాబితా రుసుము 20 సెంట్లు, అమ్మకం మీద 6.5 శాతం, చెల్లింపు రుసుము 3 శాతం పైన 25 సెంట్లు కలిపి దాదాపు 29 డాలర్లు పోతాయి. మీ చేతిలో మిగిలేది రెండు డాలర్లు. వారాల తరబడి మీరు కూర్చున్న గంటలకు ఇందులో పైసా కట్టలేదు. రెట్టింపు ధర పెట్టగల కొనుగోలుదారులు దొరికితే తప్ప అమ్మకం మీ సాఫ్ట్‌వేర్ ఖర్చును మోయలేదు.

పన్ను మినహాయింపు మీద కూడా ఆశ పెట్టుకోవద్దు. సరదా వ్యాపకంగా కుట్టి అమ్మితే వచ్చిన డబ్బును ఆదాయంగా చూపాలి, సాఫ్ట్‌వేర్ లాంటి ఖర్చులను మాత్రం 2018 నుంచి ఫెడరల్ పన్నులో తగ్గించుకోవడానికి లేదు. నిజమైన వ్యాపారంగా నడిపితే ఖర్చులు తగ్గించుకోవచ్చు. కానీ ఏడాది నికర ఆదాయం 400 డాలర్లకు చేరగానే 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను మొదలవుతుంది.

కాబట్టి సాఫ్ట్‌వేర్‌ను ఆదాయం వైపు నుంచి కాకుండా గుడ్డ వైపు నుంచి తూచాలి. అలా చూస్తే మీ వారితో నేను పూర్తిగా ఏకీభవించను. పైన చెప్పిన క్విల్ట్‌కు వెనక గుడ్డే తీసుకోండి. చుట్టూ నాలుగేసి అంగుళాలు వదిలితే 68 అంగుళాల వెడల్పు, 88 అంగుళాల పొడవు కావాలి. మామూలు 42 అంగుళాల పన్నా గుడ్డ అయితే రెండు పొడవులు జతచేయాలి కాబట్టి ఐదు గజాలు పడుతుంది. 108 అంగుళాల పన్నా గుడ్డను అడ్డంగా తిప్పి వాడితే రెండు గజాలు సరిపోతుంది, అతుకూ ఉండదు. దాని గజం ధర ఎక్కువే అయినా లెక్క వేసి చూడండి, చాలాసార్లు అదే చవక. త్రికోణపు ముక్కల దగ్గరా ఇంతే. రెండు త్రికోణాలు కలిపి కుట్టాక నాలుగు అంగుళాలు రావాల్సిన చదరానికి 4-7/8 అంగుళాల చదరాలను మూల నుంచి మూలకు కత్తిరించాలి. గళ్ల కాగితం మీద నాలుగున్నర అని రాసుకుంటే కత్తిరించిన ముక్కలన్నీ వృథా. ఇలాంటి లెక్కలు సాఫ్ట్‌వేర్ క్షణంలో వేస్తుంది. అలాగని దాన్ని గుడ్డిగా నమ్మవద్దు. అది చెప్పే గజాలు అంచనా మాత్రమే, మొత్తం గుడ్డ ఒకేసారి కత్తిరించకండి.

ఊరికి వచ్చినప్పుడు పెడనలో కలంకారీ గుడ్డ, పోచంపల్లి ఇక్కత్ కొని తీసుకెళ్లే అలవాటు మీకు ఉంటే నా మొగ్గు ఇంకాస్త కొనడం వైపే ఉంటుంది. తప్పు కత్తిరిస్తే అలాంటి గుడ్డ మళ్లీ అమెరికాలో తేలిగ్గా దొరకదు. ఎలక్ట్రిక్ క్విల్ట్ 8లో మీ గుడ్డ ఫొటో ఎక్కించి, కొలత సరిచేసి, దాని మీది పువ్వు క్విల్టులోని ఒక్కో గడిలో (బ్లాకులో) ఎంత పెద్దదిగా పడుతుందో ముందే చూసుకోవచ్చు. ఇది చూడటానికి చిన్న సౌకర్యమే, కానీ ఖరీదైన గుడ్డ మీద కత్తెర పెట్టేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

ఇక ఎంపిక. టెక్సస్‌లో అమ్మకం పన్ను 8.25 శాతం కలిపితే మీ 240 కాస్తా 260 అవుతుంది. నెలకు 10 డాలర్ల చందాతో పోల్చి రెండేళ్లలో తేలిపోతుందని చాలామంది లెక్క వేస్తారు. మీ విషయంలో అది సరికాదు. సొంత డిజైన్లు ఏడాదికి రెండే. కొన్న ప్యాటర్న్‌లో గజాల లెక్క అందులోనే ఉంటుంది, దానికి సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. డిజైన్ చేసే రెండు నెలలకే చందా కట్టి ఆపేస్తే ఏడాదికి 20 డాలర్లు. ఆ లెక్కన 260 డాలర్లు చేరడానికి 13 ఏళ్లు పడుతుంది. అంతకాలం ఏ సాఫ్ట్‌వేరూ అలాగే ఉండదు. ఎలక్ట్రిక్ క్విల్ట్ ఏడో వెర్షన్ 2010లో వచ్చింది, ఎనిమిదోది 2017లో. అయితే నెల నెలా ఆపగలిగే చందా తీసుకోండి, ఏడాది చందా కాదు. ఆపే తేదీని ఆ రోజే ఫోనులో గుర్తు పెట్టుకోండి. మరిచిపోయిన చందాలే ఇంటి బడ్జెట్‌కు చిల్లు పెడతాయి.

నా సలహా ఇది. రాబోయే సొంత డిజైన్‌ను చందాతో చేయండి. ఒక నోటుపుస్తకంలో కొన్న గజాలు, మిగిలిన గజాలు రాసుకోండి. రెండు క్విల్టుల మీద కలిపి నాలుగైదు గజాలు ఆదా అయితే, కుట్టని రోజుల్లో కూడా డిజైన్లు గీయాలనిపిస్తుంటే, అప్పుడు ఎలక్ట్రిక్ క్విల్ట్ కొనండి. థాంక్స్‌గివింగ్ వారంలో సాఫ్ట్‌వేర్లకు తగ్గింపులు సాధారణం కాబట్టి అప్పటిదాకా ఆగవచ్చు. మీ కంప్యూటర్‌లో నడుస్తుందో లేదో ముందే చూసుకోండి. క్రెడిట్ కార్డు బాకీ మీద, వాయిదాల మీద మాత్రం వద్దు. నెలకు 25 డాలర్లు క్విల్టు ఖాతా అని పక్కన పెడితే పదకొండు నెలల్లో పన్నుతో సహా వచ్చేస్తుంది, ఇంటి ఖర్చును ముట్టుకోనక్కరలేదు. మీ వారికి ఆ నోటుపుస్తకం కూడా చూపించండి.

చందా ఆపే ముందు ప్రతి డిజైన్‌నూ, దాని కత్తిరింపు కొలతల పట్టికనూ పీడీఎఫ్‌గా దాచుకోండి. ఖాతా మూసిన తర్వాత అవి మళ్లీ తెరుచుకుంటాయో లేదో షరతుల్లో చదివాకే డబ్బు కట్టండి.