పిల్లవాడికంటే ముందు మీరిద్దరూ వెళ్లండి

ప్రశ్న: ఆరు నెలల కిందట చిత్తూరు నుంచి తిరుపతికి మారాం. మూడో తరగతి చదివే మా పిల్లోడు పొద్దున్నే కడుపునొప్పి అంటాడు, స్కూలు ఆటో రాగానే ఏడుపు అందుకుంటాడు. ఆదివారం నొప్పీ ఉండదు, ఏడుపూ ఉండదు. అత్తగారు దిష్టి అంటారు. మా ఆయనేమో నాలుగు తగిలిస్తే దారికొస్తాడంటారు. కౌన్సెలింగ్ ఎలా మొదలుపెట్టాలి? వాడికేం చెప్పి తీసుకెళ్లాలి?
— ఒక తల్లి, తిరుపతి

జవాబు: అమ్మా, ఆ నొప్పి నాటకం కాదు. భయపడితే పేగుల కదలిక మారి కడుపు నిజంగానే నొస్తుంది. కొడితే భయం పెరుగుతుంది, దాంతోపాటు నొప్పీ పెరుగుతుంది. అయినా ముందు పిల్లల డాక్టరుకు చూపించండి. రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, బరువు తగ్గడం, వాంతులు, విరేచనంలో రక్తం ఉంటే కారణం వేరే ఉండొచ్చు. మలబద్ధకం ఉందేమో, చూపు, వినికిడి ఎలా ఉన్నాయో కూడా చూడమనండి. బోర్డు మీద అక్షరాలు కనపడని పిల్లలు బడంటే జంకడం మామూలే.

రుయా ఆసుపత్రిలో పిల్లల విభాగం, మానసిక వైద్య విభాగం రెండూ ఉన్నాయి. ప్రైవేటులో క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికైతే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) నమోదు నంబరు అడగండి, అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ఎవరి దగ్గరికి వెళ్లాలో తేలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌కు, 14416 నంబరుకు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

కౌన్సెలింగ్‌కు మొదటిసారి పిల్లవాణ్ణి ఇంట్లో ఉంచి మీరిద్దరే వెళ్లండి. కొత్త మనిషి ముందు తన తప్పులు ఏకరువు పెడుతుంటే విన్న బిడ్డ ఆ తర్వాత నోరు విప్పడు. మీ ఆయన తప్పకుండా రావాలి. ఒకరు సరేలే ఇంట్లో ఉండమంటూ, ఇంకొకరు కొడుతూ ఉంటే ఏ కౌన్సెలింగూ నిలవదు. వెళ్లేముందు రెండు వారాలు ఒక కాగితం రాయండి: తేదీ, నొప్పి ఎన్నింటికి మొదలైంది, అప్పుడు ఎవరేమన్నారు, ఎప్పుడు తగ్గింది. దాంతోపాటు రెండు నోటుపుస్తకాలు పట్టుకెళ్లండి. చదవడంలో, రాయడంలో ఇబ్బంది ఉంటే అక్కడే బయటపడుతుంది.

జూకి వెళ్దామని చెప్పి క్లినిక్‌కి తీసుకెళ్లొద్దు. ఆ ఒక్క అబద్ధంతో మీ మీదా, కౌన్సెలింగ్ చేసే మేడం మీదా నమ్మకం పోతుంది. ముందురోజు సాయంత్రం నాలుగు మాటల్లో చెప్పండి: 'రేపు ఒక మేడం దగ్గరికి వెళ్తున్నాం. సూది వెయ్యరు. బడంటే భయం తగ్గడానికి సాయం చేస్తారు. బొమ్మలు గీయొచ్చు, ఆడుకోవచ్చు. మేం బయటే కూర్చుంటాం.' బయటికొచ్చాక 'ఏం చెప్పావు?' అని ఆరా తీయొద్దు.

ఒక్కో విడత సుమారు 45 నిమిషాలు ఉంటుంది. రెండుసార్లు వెళ్లి 'ఊరికే ఆడిస్తున్నారు' అని మానేసేవాళ్లు చాలామంది. ఎనిమిదేళ్ల బిడ్డ మాటల్లో చెప్పలేనిది బొమ్మలతో చెబుతాడు, ఆ ఆటే అక్కడ పని. ఆరు విడతలయ్యాక మార్పు ఎంతవరకు వచ్చిందో సూటిగా అడగండి.

ఈలోగా బడి పూర్తిగా మాన్పించొద్దు, ఇంట్లో గడిపిన ప్రతి రోజూ మర్నాటి అడుగును బరువు చేస్తుంది. టీచరుతో మాట్లాడి, ఎవరైనా ఏడిపిస్తున్నారా, మరుగుదొడ్డికి వెళ్లడానికి భయపడుతున్నాడా కనుక్కోండి. తర్వాత మెట్టుమెట్టుగా పంపండి: యూనిఫాం వేసి గేటు దాకా, తర్వాత ఒక పీరియడు, తర్వాత మధ్యాహ్నం దాకా. వీడ్కోలు అర నిమిషంలో ముగించండి. ఇంట్లో ఉండిపోయిన రోజు బడి వేళల్లో టీవీ, ఫోన్ ఇవ్వొద్దు. మొదటి వారం ఏడుపు ఎక్కువవుతుంది, అక్కడ వెనక్కి తగ్గితే ఇంకా గట్టిగా ఏడిస్తే పనవుతుందని నేర్చుకుంటాడు. రోజూ 15 నిమిషాలు వాడు చెప్పిన ఆటే ఆడండి, ఆ సమయంలో చదువు ఊసెత్తొద్దు.

ప్రశ్న: మా అమ్మాయికి 13 ఏళ్లు. కౌన్సెలర్‌కి ఏం చెబుతోందో మాకు చెప్పడం లేదు. డబ్బు కట్టేది మేమే కదా?
— ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: అయ్యా, మీకు చేరదన్న నమ్మకంతోనే ఆ పిల్ల మాట్లాడుతోంది. 'ఏం చెప్పింది?' అని కాక 'ఇంట్లో మేమేం మార్చుకోవాలి?' అని అడగండి, దానికి జవాబు రావాలి. ప్రాణాపాయం ఉందనిపిస్తే కౌన్సెలర్ మీకు చెప్పి తీరాలి. లైంగిక వేధింపు బయటపడితే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయాలి. చచ్చిపోతానన్న మాట ఆమె నోట వింటే వచ్చే విడత దాకా ఆగకండి. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి, ఇంట్లో మాత్రలు, పురుగుమందు తాళం వేసి పెట్టండి.