ట్రోలింగ్ మోటారును ఒక్కదాన్నే నమ్ముకొని పడవ వేసుకొని వెళ్లవచ్చా?

పెట్రోలు ఇంజన్ లేకుండా, బ్యాటరీతో నడిచే ట్రోలింగ్ మోటారుతోనే చేపలకు వెళ్లవచ్చా, మధ్యలో మొరాయిస్తుందా అని అడిగారు. వెళ్లవచ్చు. డాలస్ పక్కనున్న లూయిస్‌విల్ జలాశయంలో ఆరేళ్లుగా నేను చేస్తున్నది అదే. 14 అడుగుల అల్యూమినియం పడవ, 55 పౌండ్ల బలంతో నెట్టే మోటారు, ఒకటే బ్యాటరీ. మోటారు చెడిపోయిందని గగ్గోలు పెట్టేవాళ్లలో నూటికి తొంభై మంది విషయంలో తప్పు మోటారుది కాదని నా గట్టి నమ్మకం. ఒకప్పుడు నేనూ ఆ తొంభై మందిలో ఒకణ్ణే.

మూడేళ్ల క్రితం మార్చిలో మా బావమరిది ఇక్కడికి వచ్చాడు. భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేస్తాడు. వైట్ బాస్ చేపలు పట్టి చూపిస్తానని గొప్పలు పోయి తీసుకెళ్లాను. టెక్సస్‌లో ఆ నెలలో దక్షిణపు గాలి ఎలా వీస్తుందో తెలిసి కూడా, ఆనకట్ట వైపు నుంచి గాలివాటున ఉత్తరానికి పోయాను. వెళ్లేటప్పుడు మోటారుతో పనే పడలేదు. తిరుగు ప్రయాణంలో గాలికి ఎదురు. మీట పూర్తిగా తిప్పితే పావుగంటలో మోటారు నీరసించింది. పడవ ముందుకు పోవడం మాని వెనక్కి జరుగుతోంది. నేను తయారుచేసినవాణ్ణి, అమ్మినవాణ్ణి కలిపి తిట్టడం మొదలుపెట్టాను.

బావమరిది వంగి బ్యాటరీ మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. "బావగారూ, మోటారును ఎందుకు తిడతారు? ఇది పట్టుకొని చూడండి" అన్నాడు. తీగ చివర కాలిపోతోంది, పై తొడుగు మెత్తబడింది. తీగను బ్యాటరీకి పట్టి ఉంచే, చేత్తో తిప్పే రెక్కల నట్టు వదులైపోయింది. "మా దగ్గర చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ ఆగితే ముందు ప్యానెల్‌లో తీగల చివర బిగించే లగ్గులు చూస్తాం. తెల్లవారేలోగా కనిపెట్టకపోతే రొయ్యలన్నీ తేలిపోతాయి" అన్నాడు.

అసలు సంగతి ఇదే. 12 వోల్టుల మీద ఆ మోటారు పూర్తి వేగంలో దాదాపు 50 ఆంపియర్లు లాగుతుంది. మన ఊళ్లో ఒకటిన్నర టన్నుల ఏసీ తీసుకునే ఆంపియర్లకు అయిదారు రెట్లు. అంత కరెంటు వదులు నట్టు గుండా పోతే అక్కడే వేడిగా తగలబడుతుంది, మోటారుకు మిగిలేది తక్కువ. బ్రేకర్ కూడా పడదు, ఎందుకంటే కరెంటు పరిమితి దాటలేదు. మోటారును ఆపి, కటింగ్ ప్లేయరుతో బిగించాడు. కదిలింది. కానీ దారిలోనే బ్యాటరీ సగానికి పైగా అయిపోయింది కాబట్టి చివర అర కిలోమీటరు తెడ్డుతోనే వచ్చాం. ఆ తెడ్డు కూడా మా ఆవిడ పోరు పెడితే కొన్నదే.

కాబట్టి రెక్కల నట్లు తీసి పారేసి, లోపల నైలాన్ వలయం ఉండే నట్లు వేయండి. కారు బ్యాటరీ మాత్రం పెట్టకండి, అది బండి స్టార్ట్ చేయడానికి పుట్టింది. 100 ఆంపియర్-అవర్ల కరెంటు నిల్వచేసే సీసం బ్యాటరీలో సగమే వాడాలి, అంటే పూర్తి వేగంలో గంట కూడా రాదు. పెట్టె మీద రాసిన 100 చూసి మురిసిపోయేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. లిథియం అయితే బరువు సగం కంటే తక్కువ, దాదాపు మొత్తం వాడుకోవచ్చు. ఒకప్పుడు ఖరీదే గుండె ఆగేలా ఉండేది.

మోటారు నిజంగా చచ్చేది ఒకే కారణంతో చూశాను: గాలం దారం. ప్రొపెల్లర్ వెనక ఇరుసుకు చుట్టుకొని సీలును కోసేస్తుంది, నీళ్లు లోపలికి దిగుతాయి. రెండు మూడు వేటలకు ఒకసారి ప్రొపెల్లర్ ఊడదీసి చూడండి, అయిదు నిమిషాల పని. పడవను ఒకేచోట నిలిపి ఉంచే జీపీఎస్ లంగరు, ఫోనుతో నడపడం లాంటి హంగులకు డబ్బు తగలేసేవాళ్లు ఈ పని మాత్రం చేయరు.

ఇంకో మాట. మీరూ టెక్సస్‌లోనే ఉంటే, చిన్న విద్యుత్ మోటారు తగిలించినా పడవను రిజిస్టర్ చేయించాలి. తెడ్డు వేసుకొనే పడవకు ఆ బాధ లేదు. నాకు ఈ సంగతి గట్టు మీద నిలబడిన అధికారి చెబితే తెలిసింది.