పీర్ వర్కర్లని పెట్టుకోండి, కానీ జీతమిచ్చి పెట్టుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. చిత్తూరులో మీ సంస్థ మత్తు ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లకి హెచ్ఐవీ, హెపటైటిస్ సి (కాలేయాన్ని దెబ్బతీసే వైరస్ జబ్బు) టెస్టులు చేయించాలని చూస్తోంది, క్యాంపు పెడితే ఎవరూ రావడం లేదు. ఒకప్పుడు అదే అలవాటున్నవాళ్లని పీర్ వర్కర్లుగా పనిలోకి తీసుకుందామంటే కమిటీలో పెద్దవాళ్లు "చేతికి డబ్బొస్తే మళ్లీ అందులోనే పడతారు" అంటున్నారు. తిరుపతిలో కొన్నేళ్లుగా వాళ్లుండే చోటికే పోయి కలిసే ఇదే అవుట్‌రీచ్ పనిలో ఉన్నాను కాబట్టి చెప్తున్నాను, తీసుకోండి. వాళ్లు లేకుండా ఈ పని ముందుకు పోదు.

క్యాంపుకి రాకపోవడానికి టెస్టంటే భయం ఒక్కటే కారణం కాదు. పేరు రాసుకుని పోలీసులకి ఇస్తారేమో, ఇంట్లో తెలిసిపోతుందేమో, చెయ్యి చాపగానే నర్సమ్మ తిడుతుందేమో అని. దానికి తోడు బయటివాళ్లకి తట్టని సంగతి ఇంకొకటి ఉంది: ఏళ్ల తరబడి గుచ్చుకున్న చేతుల్లో నరం దొరకదు. ల్యాబ్‌లో అక్కడా ఇక్కడా పొడిచి, విసుక్కుని, "ఏం చేసుకున్నావురా చేతిని" అని నలుగురిలో అడిగాక ఆ మనిషి మళ్లీ ఆ గడప తొక్కడు. మా పీర్ ఒకతను పక్కనే నిలబడి "మోచెయ్యి వదిలెయ్యక్కా, మణికట్టు దగ్గర చూడు" అని టెక్నీషియన్‌కి చెప్తాడు, సగం టెన్షన్ అక్కడే పోతుంది. వేలి మీద చుక్క రక్తంతో అయిపోయే ర్యాపిడ్ కిట్ ఉంటే ఇంకా మేలు, రైల్వే స్టేషన్ వెనకో, రేణిగుంట వైపో వాళ్లుండే చోటికే పోయి "యాడికీ పోనక్కర్లేదన్నా, ఈడ్నే అయిపోతుంది" అనొచ్చు. శిక్షణ పొందితే డాక్టరో నర్సో కానివాళ్లు కూడా హెచ్ఐవీ ర్యాపిడ్ టెస్టు చేయొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. మన దగ్గర ఎవరు చేయాలన్నది మాత్రం జిల్లా ఎయిడ్స్ నియంత్రణ అధికారులతో ముందే మాట్లాడి తేల్చుకోండి.

అయితే టెస్టుతో పని అయిపోదు, అసలు పని అక్కడే మొదలవుతుంది. హెపటైటిస్ సి యాంటీబాడీ టెస్టులో పాజిటివ్ వచ్చిందంటే ఎప్పుడో ఒకప్పుడు వైరస్ ఒంట్లోకి వచ్చిందని మాత్రమే అర్థం. కొంతమందికి మందు లేకుండానే పోతుంది, అందుకే రక్తంలో వైరస్‌నే వెతికే వైరల్ లోడ్ టెస్టు చేస్తేనే ఇప్పుడు ఉందో లేదో తెలుస్తుంది. ఈ రెండు టెస్టుల మధ్యలోనే మనుషులు జారిపోతారు. ఉందని తేలితే రోజూ మాత్రలు, చాలామందికి 12 వారాలు, పూర్తిగా వాడినవాళ్లలో నూటికి 95 మందికి పైగా నయమవుతుంది, పైగా 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద మందులు ఉచితం. ఇంత మంచి మందు ఉండి కూడా ఓపీ చీటీ లైన్లో నిలబడలేక, ఎటు పోవాలో తెలియక వెనక్కి వచ్చేసేవాళ్లని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. తిరుపతి రుయా లాంటి పెద్ద ప్రభుత్వాసుపత్రిలో పక్కన తోడు నడిచే మనిషి కావాలి. నా దృష్టిలో పీర్ చేసే అతి పెద్ద పని అదే, కిట్ వాడటం దాని తర్వాతే. హెచ్ఐవీ విషయంలో కూడా అంతే, మొదటి టెస్టులో రియాక్టివ్ (అంటే ఉండొచ్చని) వస్తే పాజిటివ్ అని అక్కడే చెప్పేయకూడదు, ఐసీటీసీలో, అంటే హెచ్ఐవీకి కౌన్సెలింగ్, టెస్టు చేసే ప్రభుత్వ కేంద్రంలో, నిర్ధారణ కావాలి, అక్కడిదాకా తీసుకెళ్లాలి.

ఇప్పుడు డబ్బు సంగతి. ఇంతకుముందు నేను పనిచేసిన ఒక సంస్థలో పీర్లకి గౌరవ వేతనం పేరుతో కొంచెం ఇచ్చేవాళ్లు, అదీ నెలల తరబడి ఆలస్యంగా, మాకందరికీ ఒకటో తారీఖునే పడేది. మంచి పనిమంతులు అలాగే వెళ్లిపోయారు. ఆఫీసు వాళ్లకి ఎప్పుడు జీతం పడుతుందో పీర్లకీ అప్పుడే పడాలి, బ్యాంకు ఖాతాలోనే పడాలి. టెస్టుకి ఇంత అని మాత్రం అస్సలు కట్టకండి. అలా కడితే చేయించుకున్నవాళ్లకే మళ్లీ మళ్లీ చేస్తారు, ఇష్టం లేనివాడిని బతిమాలో బెదిరించో వేలు పట్టుకుంటారు. 2017 హెచ్ఐవీ ఎయిడ్స్ చట్టం ప్రకారం మనిషి ఒప్పుకోకుండా టెస్టు చేయకూడదు, ఫలితం బయటికి చెప్పకూడదు. పీర్లు అదే వీధి మనుషులు కాబట్టి ఈ రెండో దానిమీద శిక్షణ గట్టిగా ఉండాలి. ఫలితం ఎవరి నోట వినాలో టెస్టు చేయించుకున్న మనిషినే అడగండి, కొందరికి తెలిసినవాడు ధైర్యం, కొందరికి తెలిసినవాడే భయం.

మళ్లీ పడతారన్న మాట పూర్తిగా తప్పని నేననను, కొందరు పడతారు. అందుకని ముందే రాతపూర్వకంగా పెట్టుకోండి: జారితే చికిత్సకి సెలవు, తిరిగొస్తే పని ఉంటుంది. పాత అడ్డాకి పోలేనని ఎవరైనా అంటే బలవంతం వద్దు, వేరే ఏరియా ఇవ్వండి, ఎప్పుడూ ఇద్దరిద్దరుగా పంపండి. మత్తు ఇంజెక్షన్లకి బదులుగా చికిత్సలో ఇచ్చే బుప్రెనార్ఫిన్ మందు మీద నిలకడగా ఉన్నవాళ్లని "ఇంకా మానలేదు" అని పక్కన పెట్టొద్దు, నేను చూసిన మంచి పీర్లలో వాళ్లూ ఉన్నారు. గుర్తింపు కార్డు ఇవ్వండి, సంస్థ లెటర్ జేబులో ఉండాలి, మొదటి రోజుకి ముందే మీరే పోయి స్టేషన్‌లో ఎస్సైని కలవండి. బ్యాగులో పని కోసం పెట్టుకున్న సిరంజీలున్న పీర్‌ని రాత్రిపూట ఆపితే సమాధానం చెప్పాల్సింది మీరు, అతను కాదు.

ఆడవాళ్ల గురించి మీరు అడగలేదు కానీ వాళ్లూ ఉన్నారు, ఇంకా దాక్కుని ఉన్నారు, మగ పీర్ కంటికి కనపడరు. ఒక్క ఆడమనిషినైనా తీసుకోండి, ఆమెకి దారి ఖర్చులు ముందే ఇవ్వండి, చీకటి పడ్డాక పని పెట్టకండి. శిక్షణలో మేము ఏమేం చెప్తామో కావాలంటే కింద అడగండి, విడిగా రాస్తాను.